28 అంగుళాల రాడ్డు బ్రేకు సైకిలుకు 700సి చక్రాలు, వైరు బ్రేకులు: పని డైరీ

ఈ పని ఒంగోలులో జరిగింది. సైకిలు 28 × 1½ చక్రాల పాత నల్ల సైకిలు. ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు, బకింగ్‌హాం కాలువ దాటి, రొయ్యల చెరువుల పక్కగా తిరిగే సైకిలు. ఆ ఉప్పుగాలికి ఉక్కు రిమ్ముల నికిలు పొక్కులు లేచి రాలిపోయింది; లోపలి తుప్పు స్పోకుల రంధ్రాల దాకా పాకింది. అందువల్ల ఉక్కు రిమ్ముల స్థానంలో 700సి అల్యూమినియం రిమ్ములు వేయాలని నిర్ణయించాను. రిమ్ములు మార్చడం ఏ సైకిలు షాపులోనైనా అయ్యే పనే. మార్చిన రిమ్మును గట్టిగా పట్టుకొనే బ్రేకును అమర్చడంలోనే అసలు కష్టమంతా ఉంది. ఇదే పని చేయబోయేవారికి కొలతలు, విఫలమైన భాగాలు, వాటి కారణాలు, ఖర్చు ఒకచోట దొరకాలని ఈ డైరీ రాస్తున్నాను.

దశ 1: కొలతలు

టైరు మీద 28 అని ఉన్నంత మాత్రాన రెండు చక్రాలు ఒకటి కావు. మన పాత సైకిళ్ల 28 × 1½ టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 635 మి.మీ. హైబ్రిడ్ సైకిళ్లకు వచ్చే 700సి టైర్లలో కొన్నింటి మీద కూడా 28 అనే ముద్రిస్తారు గాని, అవి కూర్చునే వ్యాసం 622 మి.మీ. టైరు పక్కన చిన్న అచ్చులో 40-635 అనో 37-622 అనో ఉండే జంట సంఖ్యల్లో మొదటిది టైరు వెడల్పు, రెండోది ఆ వ్యాసం. ఆ రెండో సంఖ్యనే నమ్మాలి.

బ్రేకు పనికి ఈ వ్యాసాల తేడాలో సగమే లెక్కకు వస్తుంది. 635 నుంచి 622కు మారితే రిమ్ము అంచు ఇరుసు వైపు 6.5 మి.మీ. దిగుతుంది. వేరే చక్రాలతో చేసేవారి కోసం మిగిలిన తేడాలు: 630 తీసి 622 వేస్తే 4 మి.మీ., 584 తీసి 559 వేస్తే 12.5, 622 తీసి 584 వేస్తే 19, 622 తీసి 559 వేస్తే 31.5. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా చాలాసార్లు బ్రేకు రబ్బరు జరిగే గాడిలోనే సర్దుకుంటుంది. పన్నెండు దాటితే క్యాలిపర్ (రిమ్మును రెండు చేతులతో పక్కల నుంచి పట్టే బ్రేకు) మార్చే సంగతి ఆలోచించాలి. ముప్ఫై దాటితే ఆ ఫ్రేముకు ఆ చక్రాలు వద్దనుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఈ సైకిలుకు తేడా 6.5 మాత్రమే అయినా పాత బ్రేకు ఏ మాత్రం పనికిరాలేదు. రాడ్డు బ్రేకు రిమ్మును పక్కల నుంచి పట్టదు; గుర్రపునాడా ఆకారంలో ఉన్న కడ్డీ పైకి లేచి, రిమ్ము లోపలి ముఖం మీద, స్పోకులకు రెండు పక్కలా ఉన్న చదును భాగాల మీద రబ్బర్లను ఒత్తుతుంది. ఆ చదును భాగాలు పాత ఉక్కు రిమ్ములకే ఉంటాయి. రెండు గోడల అల్యూమినియం రిమ్ముకు లోపలి ముఖం గుండ్రంగా, ఇరుకుగా ఉంటుంది. దానికి బ్రేకు తగలవలసిన చోటు పక్కగోడ. అంటే కడ్డీలు, వాటి లివర్లు, కీళ్లు అన్నీ తీసేసి, వైరుతో పనిచేసే క్యాలిపర్లు వేయక తప్పదు. వి-బ్రేకుల (రిమ్ముకు రెండు పక్కలా ఒక్కొక్క పిన్ను మీద తిరిగే పొడుగు చేతుల బ్రేకుల) కోసం ఫోర్కుకు ఇనుప పిన్నులు వెల్డింగు చేయించడం ఇంకొక దారి. పలుచని ఫోర్కు గొట్టాన్ని అంతగా కాల్చడం నాకు సమ్మతం కాలేదు.

క్యాలిపర్ కొనేముందు తెలుసుకోవలసిన సంఖ్య ఒక్కటే. బ్రేకు బోల్టు రంధ్రం మధ్య నుంచి రిమ్ము పక్కగోడ మధ్యకు ఉన్న దూరం అది. దీనిని రీచ్ అంటారు. నేను కొలిచిన పద్ధతి ఇది:

1. 622 రిమ్ము ఉన్న చక్రాన్ని ఎరువు తెచ్చి ఫోర్కులో పూర్తిగా కూర్చునేలా పెట్టి, రెండు పక్కల నట్లు బిగించాను.
2. ఫోర్కు తలలోని మడ్‌గార్డు రంధ్రంలో 6 మి.మీ. బోల్టు దూర్చాను.
3. బోల్టు అడుగు నుంచి రిమ్ము పక్కగోడ మధ్య దాకా ఉక్కు స్కేలుతో కొలిచి, బోల్టు మందంలో సగం, అంటే 3 మి.మీ., కలిపాను.
4. చక్రాన్ని తిప్పి నాలుగు చోట్ల, రెండు పక్కలా కొలిచి సగటు తీశాను.
5. వెనక చక్రానికి ఇదే కొలతను ఇరుసు గాడిలో ముందు చివర ఉన్నప్పుడు ఒకసారి, వెనక్కి జరిపి ఒకసారి తీశాను.

ఫలితం: ముందు రీచ్ 69 మి.మీ. వెనక 79 నుంచి 85. గొలుసు సరైన బిగువులో ఉన్నప్పుడు 82.

పై వరసలో అయిదోదాన్ని చాలామంది వదిలేస్తారు. ఈ సైకిళ్లలో వెనక ఇరుసు గాడి వెనక్కి తెరుచుకొని ఉంటుంది, గొలుసు సాగిన కొద్దీ ఇరుసును వెనక్కి లాగి బిగిస్తాం. ఇరుసు 10 మి.మీ. వెనక్కి జరిగితే బ్రేకు రంధ్రానికీ రిమ్ముకూ మధ్య దూరం ఇంచుమించు 5 మి.మీ. పెరుగుతుంది. ఇవాళ గాడి చివర సరిపోయిన రబ్బరు రేపు గొలుసు బిగించాక రిమ్మును వదిలి టైరు మీదికి ఎక్కుతుంది. అందువల్ల వెనక బ్రేకుకు రెండు వైపులా సర్దుబాటు మిగిలి ఉండాలి.

బజారులో దొరికే క్యాలిపర్ల కొలతలు ఇలా ఉంటాయి: రేసు సైకిళ్లవి 39–49, మధ్యరకం 47–57, పొడుగు చేతులవి 55–73. టెక్‌ట్రో ఆర్559 ఈ చివరి రకానిది. ముందు 69 ఆ పరిధిలో పడింది. వెనక 82 పడలేదు. ఇక్కడి నుంచి ముందు బ్రేకు ఒక దారిన, వెనక బ్రేకు ఇంకొక దారిన నడిచాయి.

దశ 2: చక్రాలు

ఈ భాగం త్వరగానే ముగిసింది. పాత సైకిలు ముందు హబ్బుకు 32 రంధ్రాలు, వెనక హబ్బుకు 40 ఉంటాయి. 32 రంధ్రాల 622 రిమ్ము దొరికింది గనుక ముందు హబ్బును అలాగే ఉంచాను. 40 రంధ్రాల అల్యూమినియం రిమ్ము దొరకలేదు. వెనక 36 రంధ్రాల కొత్త ఫ్రీవీలు హబ్బు వేయించాను. గేర్ల సైకిలు వెనక చక్రాన్ని నేరుగా తెచ్చి వేయాలనుకొనేవారు ఆ హబ్బు 135 మి.మీ. వెడల్పు ఉంటుందని, ఈ ఫ్రేములో చోటు 110 దగ్గరే ఉంటుందని గమనించాలి. స్పోకుల పొడవు కూడా మారుతుంది, పాతవి పనికిరావు.

రిమ్ము బెండు అర మిల్లీమీటరుకు లోపలే ఉండేట్టు తీయించుకోవాలి. రాడ్డు బ్రేకుకు రెండు మిల్లీమీటర్ల వంకర పెద్దగా తెలియదు. పక్కల నుంచి పట్టే బ్రేకుకు మాత్రం ఆ రెండు మిల్లీమీటర్లే రబ్బర్ల ఖాళీని మింగేస్తాయి.

టైరు బయటి వ్యాసార్ధం 357 నుంచి 348కి తగ్గింది. పెడలు నేలకు 9 మి.మీ. దగ్గరయింది, ఈ ఫ్రేము ఎత్తయినది కావడం వల్ల మలుపుల్లో తగలడం లేదు.

ఖర్చు: రిమ్ములు రెండు రూ.1,500, వెనక హబ్బు రూ.350, స్పోకులు 68కి రూ.408, కూలి రూ.400, టైర్లు, ట్యూబులు రూ.1,100.
ఇప్పటిదాకా మొత్తం: రూ.3,758

దశ 3: ముందు బ్రేకు

మొదట వేసినది షాపుల్లో మామూలుగా దొరికే ఉక్కురేకు క్యాలిపర్. రెండు చేతులూ మధ్యనున్న ఒకే బోల్టు మీద తిరుగుతాయి. రబ్బరు గాడి 75 మి.మీ. దాకా ఉంది గనుక 69 సులభంగా అందింది. రబ్బర్లు రిమ్ము మీద సరిగ్గా కూర్చున్నాయి. అయినా బ్రేకు సరిగ్గా పట్టలేదు.

దీనికి రెండు కారణాలు తేలాయి. మొదటిది చేతి పొడవు. బోల్టు నుంచి వైరు కట్టిన చోటుకు ఉన్న దూరాన్ని, బోల్టు నుంచి రబ్బరుకు ఉన్న దూరంతో భాగిస్తే వైరు లాగుడులో ఎంత వంతు రిమ్ముకు చేరుతుందో తెలుస్తుంది. వైరు కట్టిన చోటు మారదు. రబ్బరు కిందికి జరిగిన కొద్దీ భాగించే సంఖ్య పెరుగుతుంది. 50 మి.మీ. దగ్గర ఉన్న రబ్బరును 69కి దించితే, అదే చేతితో అదే క్యాలిపర్‌లో ఒత్తిడి 72 శాతానికి పడిపోతుంది. రీచ్ పెరగడమంటే బలం తగ్గడమే.

రెండోది రేకు వంగడం. రబ్బర్లు రిమ్మును తాకిన తరువాత కూడా లివరు ఇంకా లోపలికి పోతూనే ఉంది. చేతులు సాగి, రబ్బర్ల వెనక అంచులు ముందుకు తిరగడం కంటికి కనిపించింది. గట్టిగా పట్టినప్పుడు ఫోర్కు వణికింది.

వెర్నియర్‌తో చూసిన కొలత: వైరును 6 మి.మీ. లాగితే రబ్బర్ల మధ్య ఖాళీ 7.5 మి.మీ. తగ్గింది. కదలిక పెరిగిందంటే ఆ మేరకు బలం తగ్గిందని అర్థం. ఒక్కొక్క రబ్బరుకు వైరు లాగుడులో 0.8 వంతే చేరుతోంది, అదీ రేకు వంగే నష్టాన్ని లెక్కించకుండా.

ఖర్చు: రేకు క్యాలిపర్ల జత రూ.240, లివర్లు రూ.220, వైర్లు, వాటి పైతొడుగు (కేసింగు) రూ.160.
ఇప్పటిదాకా మొత్తం: రూ.4,378

దాని స్థానంలో 55–73 రీచ్ ఉన్న రెండు కీళ్ల అల్యూమినియం క్యాలిపర్ వేశాను. ఒక చేయి మధ్య బోల్టు దగ్గర, రెండో చేయి పక్కనున్న కీలు దగ్గర తిరగడం వల్ల ఇందులో వైరుకు పట్టు ఎక్కువ. అదే 6 మి.మీ. లాగుడుకు ఖాళీ 5.2 మి.మీ. తగ్గింది, అంటే ఒక్కొక్క రబ్బరుకు 1.15 వంతు. రేకు క్యాలిపర్‌తో పోలిస్తే నలభై శాతం పైన ఎక్కువ. చేతులు మందంగా ఉండటం వల్ల సాగడం కూడా తగ్గింది.

అమర్చిన వరస:

1. బయట నట్టు వచ్చే రకాన్ని ఎంచుకున్నాను. రంధ్రంలోకి దిగిపోయే నట్టు రకానికి ఫోర్కు తల వెనక భాగాన్ని 8 మి.మీ.కి తొలచాలి, పాత ఫోర్కును తొలచకుండా ఉంటేనే మంచిది.
2. ఫోర్కు తల మందం 38 మి.మీ. బోల్టు మర నట్టు మందాన్ని దాటి రెండు చుట్లు బయటికి వచ్చిందని చూసుకున్నాను.
3. ఫోర్కు తల గుండ్రం గనుక ముందూ వెనకా వంపు వాషర్లు వేశాను. చదును వాషరు వేస్తే క్యాలిపర్ రెండు గీతల మీద మాత్రమే ఆనుతుంది, నాలుగు రోజుల్లో వదులవుతుంది.
4. నట్టును 8–10 న్యూటన్ మీటర్ల మధ్య బిగించాను. టార్క్ పానా లేనివారు 15 సెం.మీ. పొడవున్న పానా చివర సామాను తూచే కొక్కెం త్రాసు తగిలించి, 6 కిలోలు చూపేదాకా అడ్డంగా లాగితే 9 న్యూటన్ మీటర్ల దగ్గరికి వస్తుంది.

ఒక హెచ్చరిక. ముందు చక్రానికి రీచ్ చాలనప్పుడు కొందరు ఫోర్కు తల ముందు ఇనుప పట్టీ దించి, దాని కింది చివరకు క్యాలిపర్ బిగిస్తుంటారు. చక్రం పైభాగం ముందుకు తిరుగుతుంది. ముందున్న క్యాలిపర్‌ను రాపిడి ఫోర్కు నుంచి దూరంగా లాగుతుంది. ఆ లాగుడుకు అడ్డుపడేది పట్టీ బిరుసుతనం తప్ప మరేదీ లేదు. పట్టీ విరిగినా బోల్టు తెగినా క్యాలిపర్ స్పోకుల్లో పడుతుంది. 73 దాటిన రీచ్ ముందు చక్రానికి వస్తే వేరే ఫోర్కు వెతకడమే సరైన పని.

ఖర్చు: రెండు కీళ్ల క్యాలిపర్ల జత రూ.2,600.
ఇప్పటిదాకా మొత్తం: రూ.6,978

దశ 4: లివర్లు

క్యాలిపర్ మారినా లివరు ఇంకా కర్రలా బిగుసుకొని ఉంది. కాస్త కదలగానే రబ్బర్లు రిమ్మును తాకుతున్నాయి, ఆపైన ఎంత నొక్కినా పట్టు పెరగడం లేదు. ఇది రబ్బర్ల లోపంలా కనిపిస్తుంది, లోపం మాత్రం లివరులో ఉంది.

షాపులో వేలాడే లివర్లు రెండు రకాలు, పైకి ఒకేలా ఉంటాయి. వి-బ్రేకు లివరు వైరును ఎక్కువ దూరం, తక్కువ బలంతో లాగుతుంది. క్యాలిపర్ లివరు తక్కువ దూరం, ఎక్కువ బలంతో లాగుతుంది. తేడా తెలియడానికి లివరు తిరిగే పిన్ను మధ్య నుంచి వైరు గుండు కూర్చునే గుంట మధ్యకు కొలవాలి. నాకు ఇచ్చిన జతలో అది 37 మి.మీ. మార్చి తెచ్చిన జతలో 28. ఒక్క ఈ మార్పుతోనే వైరు లాగుడు బలం 37/28, అంటే మూడింట ఒక వంతు దాకా పెరిగింది.

పాత హ్యాండిలుకు రాడ్డు లివర్ల కొక్కేలు అతికి ఉంటాయి. వాటిని ఆకురాయితో గీకి తీయకుండా అలాగే వదిలి, పిడుల లోపలి వైపు 22 మి.మీ. గొట్టం మీద కొత్త లివర్లు బిగించాను. ముందు బ్రేకు కుడిచేతికే ఇచ్చాను. ఇక్కడి సైకిళ్లన్నింటి అలవాటు అదే గనుక ఎవరు ఎక్కినా చేయి తడబడదు.

ఖర్చు: కొత్త లివర్లు రూ.350, పాతవి షాపువారు తిరిగి తీసుకున్నందుకు తగ్గింది రూ.150.
ఇప్పటిదాకా మొత్తం: రూ.7,178

దశ 5: వెనక దింపుడు పట్టీ

సీటు కింద నుంచి వెనక ఇరుసు దాకా దిగే రెండు సన్నగొట్టాలను పైన ఒక అడ్డగొట్టం కలుపుతుంది. మడ్‌గార్డు రంధ్రం అందులోనే ఉంది. అక్కడి నుంచి రీచ్ 82. క్యాలిపర్ 73 దాకానే అందుతుంది. కనీసం 9 మి.మీ. దించితే చాలు, కాని ఇరుసు జరిగినప్పుడు 85 దాకా పోతుంది గనుక 15 మి.మీ. దించాలని నిశ్చయించాను. అప్పుడు 79–85 కాస్తా 64–70 అవుతుంది. పరిధికి రెండు వైపులా ఖాళీ మిగులుతుంది. పట్టీ కింది నట్టుకూ టైరుకూ మధ్య 24 మి.మీ. ఖాళీ వచ్చింది, మడ్‌గార్డుకు అది సరిపోతుంది.

*మొదటి పట్టీ.* 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం ఉన్న ఇనుప ఫ్లాటు ముక్క. 15 మి.మీ. దూరంలో రెండు 6 మి.మీ. రంధ్రాలు. పైరంధ్రం అడ్డగొట్టానికి, కిందిది క్యాలిపర్‌కు. ఆరుబయట నెమ్మదిగా పరీక్షిస్తే పట్టింది. రోడ్డు మీద గట్టిగా పట్టగానే క్యాలిపర్ ముందుకు వాలింది. విప్పి అద్దం మీద పెట్టి చూస్తే పట్టీ పైరంధ్రం దగ్గర 4 మి.మీ. వంగి ఉంది.

ఎందుకు వంగిందో లెక్క చూస్తే అనుమానం మిగలలేదు. సైకిలూ మనిషీ కలిసి 90 కిలోలు అనుకొని, వెనక చక్రం ఒక్కటే గురుత్వ త్వరణంలో అయిదో వంతు మేరకు వేగం తగ్గిస్తే నేల దగ్గర ఇంచుమించు 180 న్యూటన్ల బలం కావాలి. రిమ్ము దగ్గర వ్యాసార్ధం తక్కువ గనుక అక్కడ 200 న్యూటన్లు. ఆ బలం పైరంధ్రానికి 82 మి.మీ. కింద పడుతుంది: 16.4 న్యూటన్ మీటర్ల వంపు. రంధ్రం పోగా మిగిలిన 19 మి.మీ. వెడల్పులో 3 మి.మీ. మందం మీద దాని ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 575 న్యూటన్లు. మామూలు ఇనుప ఫ్లాటు 250 దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. మందం 5కు పెంచితే ఒత్తిడి 207కు దిగుతుంది. అది కూడా హద్దుకు చాలా దగ్గర, రోజూ పడే బరువుకు నమ్మదగినది కాదు.

ఈ లెక్కతో లేతు షాపుకు వెళ్లినప్పుడు అక్కడి మేస్త్రి గారు వంగిన ముక్కను చేతిలో తిప్పి చూసి, “మందం పెంచితే కొంత ఆగుద్ది సార్, కాని కింద ఆసరా లేకపోతే అడ్డగొట్టమే తిరుగుద్ది. రెండు పక్కలా చెవులు పెట్టి సన్నగొట్టాల మీద ఆనించండి” అన్నారు. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన మాట అదే.

వెనక చక్రం దగ్గర రాపిడి దిశ ముందు చక్రానికి భిన్నంగా పనిచేస్తుంది. క్యాలిపర్ అడ్డగొట్టానికి వెనక ఉంటుంది, రిమ్ము ఆ చోట ముందుకూ కిందికీ కదులుతుంది. అంటే బ్రేకు పట్టినప్పుడల్లా క్యాలిపర్ ఫ్రేము వైపే నెట్టబడుతుంది. పట్టీకి చెవులుంటే అవి సన్నగొట్టాలను మరింత గట్టిగా ఒత్తుకుంటాయి. ఎంత గట్టిగా పడితే అంత గట్టి ఆసరా. ముందు చక్రానికి వద్దన్న పట్టీ వెనక చక్రానికి తగినది కావడానికి కారణం ఇదే.

*రెండో పట్టీ.* 5 మి.మీ. మందం, ఇంగ్లీషు టి అక్షరాన్ని తలకిందులు చేసిన ఆకారం.

1. అట్టముక్కతో నమూనా కత్తిరించి ఫ్రేము మీద పెట్టి చూశాను. చెవుల చివరి నుంచి చివరికి 90 మి.మీ. వచ్చింది.
2. చెవులు సన్నగొట్టాలను తాకే గీత పైరంధ్రానికి 20 మి.మీ. కింద ఉండేట్టు గుర్తు పెట్టాను. ఇలా ఉంటే రిమ్ము దగ్గరి 200 న్యూటన్లకు పైబోల్టు మీద పడే లాగుడు 200 × 62 ÷ 20, అంటే 620 న్యూటన్లు, 6 మి.మీ. బోల్టుకు అది లెక్కలోనిది కాదు.
3. రంధ్రాలకు ముందు సెంటర్ పంచితో గుంట కొట్టి, 3 మి.మీ. డ్రిల్లుతో మొదలుపెట్టి 6కు పెంచారు. నేరుగా 6తో వేస్తే బిట్టు జారి దూరం తప్పుతుంది.
4. చెవుల ముందు ముఖం మీద గుండ్రటి ఆకురాయితో గొట్టం ఒంపుకు సరిపడే గాడి తీశాను.
5. పదును అంచులన్నీ గుండ్రం చేసి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, పైన నల్ల ఎనామిల్ రెండు పూతలు వేశాను.

గొట్టాల రంగు పోకుండా గాడుల్లో మొదట ట్యూబు రబ్బరు ముక్కలు పెట్టాను. లివరు మెత్తబడింది, రబ్బరు నలిగినంత సేపూ పట్టు రావడం లేదు. వాటిని తీసి పలుచని ఇత్తడి రేకు పెట్టగానే బిరుసుతనం తిరిగి వచ్చింది. బలం ప్రయాణించే దారిలో ఎక్కడా మెత్తని వస్తువు పెట్టకూడదు.

రెండో పట్టీని వర్షాకాలమంతా వాడి విప్పి చూశాను. అద్దం మీద చదునుగానే కూర్చుంది, రంధ్రాలు సాగలేదు.

ఖర్చు: మొదటి పట్టీకి డ్రిల్లింగు రూ.60, 5 మి.మీ. ఫ్లాటు రూ.80, కోత, రంధ్రాలు రూ.200, స్టెయిన్‌లెస్ బోల్టులు, నట్లు రూ.90.
ఇప్పటిదాకా మొత్తం: రూ.7,608

దశ 6: వైర్లు, రబ్బర్లు

వెనక వైరు ఈ ఫ్రేములో చాలా పొడుగు. కేసింగు నొక్కుకుపోయిన మేరకు లాగుడు వృథా అవుతుంది గనుక ఒంపులు తక్కువ ఉండేలా పైగొట్టం వెంట తీసుకుపోయి మూడు చోట్ల క్లిప్పులు వేశాను. కేసింగు కోసిన ప్రతి చివరనూ ఆకురాయితో చదును చేసి, లోపల నలిగిన ప్లాస్టిక్ గొట్టాన్ని సూదితో తెరిచి, టోపీ తొడిగాను. లోపలి వైరు స్టెయిన్‌లెస్‌దే వాడాలి. మన తీరంలో మామూలు వైరు ఒక్క ఈశాన్య రుతుపవన కాలం గడిచేసరికి కేసింగులోనే తుప్పుపట్టి బిగుసుకుంటుంది.

రబ్బర్ల అమరిక:

1. రబ్బరు పై అంచు రిమ్ము పై అంచుకు ఒక మిల్లీమీటరు కింద ఉండాలి. టైరును తాకితే కొద్ది దూరంలోనే టైరు గోడను కోసేస్తుంది.
2. రెండు కీళ్ల క్యాలిపర్‌లో పక్క కీలు మీద తిరిగే చేతి రబ్బరు అరిగిన కొద్దీ టైరు వైపు ఎక్కుతుంది. ఆ వైపు రబ్బరును ఇంకొక అర మిల్లీమీటరు కిందికి పెట్టాలి.
3. రబ్బరు ముందు కొస మొదట తాకేలా, వెనక కొస దగ్గర అట్టముక్క మడిచి పెట్టి, 0.8 మి.మీ. వాలు ఇచ్చాను. కీచుమనే చప్పుడు, వణుకు రెండూ పోయాయి.
4. రబ్బరు నట్టుకు 10 సెం.మీ. కీ చివర 6 కిలోల లాగుడు చాలు.
5. ఒక్కొక్క పక్క ఖాళీ 1.5 మి.మీ.

పాత ఉక్కు రిమ్ములకు వాడిన గట్టి రబ్బర్లను అల్యూమినియం మీద వాడకూడదు. అవి రిమ్మును గీస్తాయి, గీసిన లోహపు పొడి మళ్లీ రబ్బరులోనే దిగబడి ఆకురాయిలా పనిచేస్తుంది. కొత్త రబ్బర్లలో కూడా మెరిసే చుక్కలు కనిపిస్తే సూదిమొనతో తీసేయాలి. చెరువు గట్ల ఇసుక అంటిన రోజున రిమ్మును తడిగుడ్డతో తుడవడం అవసరం. నేను ఇది వదలడం లేదు.

ఖర్చు: రబ్బర్లు రెండు జతలు రూ.300, క్లిప్పులు, టోపీలు రూ.70.
మొత్తం: రూ.7,978

దశ 7: ఆగే దూరం

సిమెంటు రోడ్డు మీద సుద్దగీత గీసి, సైకిలు మీటరులో గంటకు 20 కి.మీ. చూపుతుండగా ముందు చక్రం గీతను తాకినప్పుడు బ్రేకులు పట్టి, ఆగినచోటుకు టేపుతో కొలిచాను. మీటరులో చక్రం చుట్టుకొలతను కొత్త టైరుకు తగినట్టు 2,185 మి.మీ.గా మార్చాను, ఆ మార్పు చేయకపోతే వేగం ఎక్కువ చూపుతుంది. ప్రతి కూర్పుకూ అనేకసార్లు చేసి మధ్య విలువ రాశాను.

- రాడ్డు బ్రేకులు, ఉక్కు రిమ్ములు: పొడి రోడ్డు 7.4 మీటర్లు, తడిలో 15 మీటర్లు దాటింది.
- ముందు మాత్రమే ఒక కీలు రేకు క్యాలిపర్, వి-బ్రేకు లివరు: పొడి 6.1 మీటర్లు.
- ముందు మాత్రమే రెండు కీళ్ల క్యాలిపర్, సరైన లివరు: పొడి 4.3 మీటర్లు.
- ముందూ వెనకా పూర్తయ్యాక: పొడి 3.8, తడి 5.5 మీటర్లు.

వెనక బ్రేకు కలిసినందువల్ల పొడి రోడ్డు మీద తగ్గింది అర మీటరే. ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి మొగ్గుతుంది, వెనక చక్రం నేలను పట్టే శక్తి తగ్గుతుంది. అందువల్ల ఎంత మంచి వెనక బ్రేకు పెట్టినా లాభానికి హద్దు ఉంటుంది. అయినా ఇసుక పరుచుకున్న మలుపుల్లో ముందు బ్రేకు గట్టిగా పట్టలేం, అక్కడ సైకిలును అదుపులో ఉంచేది వెనకదే. డబ్బు తక్కువగా ఉన్నవారు ముందు బ్రేకునూ లివర్లనూ మొదట పూర్తి చేసి, వెనక పట్టీని తరువాత చేయించుకోవచ్చు. అంతవరకు రెండు చక్రాల్లో ఒకదానికి బ్రేకు లేదని మరవకుండా పట్టణంలోనే నెమ్మదిగా నడపాలి.

తడిలో వచ్చిన మార్పే అన్నిటికంటే పెద్దది. నికిలు పూత ఉన్న ఉక్కు మీద నీటి పొర తెగదు. అల్యూమినియం మీద చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగేలోపే రబ్బరు నీటిని తుడిచేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే మన జిల్లాలో ఖర్చు మొత్తానికి ఈ ఒక్క లాభమే సరిపోతుందని నేను భావిస్తున్నాను.

వాడకంలో చూడవలసినవి

గొలుసు బిగించిన ప్రతిసారీ వెనక రబ్బర్ల ఎత్తు మళ్లీ చూడాలి. ఇరుసు 4 మి.మీ. జరిగితే రబ్బరు 2 మి.మీ. తప్పుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు అల్యూమినియం చేతుల్లో ఉప్పుగాలికి పట్టేయకుండా మరల మీద గ్రీజు రాసి బిగించాలి. నెలకొకసారి పావుచుట్టు వదిలి మళ్లీ బిగిస్తే చాలు. చెవుల కింది ఇత్తడి రేకు జరిగిందేమో, దాని పక్కన రంగు పగిలి తుప్పు మొదలైందేమో చూడాలి. రిమ్ము పక్కగోడ మీద స్కేలు అంచు నిలబెట్టి, మధ్యలో గుంట పడినట్టు వెలుతురు కనిపిస్తే ఆ రిమ్మును మార్చాలి. అరిగిన గోడ టైరు గాలి ఒత్తిడికి పగిలిపోతుంది. ఇప్పుడున్న ముందు రబ్బర్లు 9 మి.మీ. మందం నుంచి 7కు వచ్చాయి, గాడి లోతు ఇంకా కనిపిస్తోంది. 5కు రాగానే మారుస్తాను.